కంప్యూటర్ ల్యాబ్‌లో తెరలన్నీ ఒకే తీరున ఉండాలా: ఈ చర్చను తేలేదాకా నడిపే విధానం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో కంప్యూటర్ ల్యాబ్‌ను చూసుకునేవారికి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఒకే గదిలో విండోస్ 10 నడిచే పాత యంత్రాలు, విండోస్ 11తో వచ్చిన కొత్త యంత్రాలు, ఒక వరుస నిండా ఉబుంటు (ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) యంత్రాలు పక్కపక్కనే ఉంటాయి. బొబ్బిలి నుంచో గజపతినగరం నుంచో బస్సులో వచ్చే విద్యార్థికి సోమవారం ఒక కుర్చీ దొరికితే, బుధవారం వేరొక కుర్చీ దొరుకుతుంది. కుర్చీ మారినప్పుడల్లా మెనూ చోటు మారుతుంది, బటన్ల వరుస మారుతుంది, కొన్నిచోట్ల మాటలు కూడా మారిపోతాయి. అన్ని యంత్రాలకూ ఒకే తెర తీరును ఖాయం చేయాలని కొందరు అధ్యాపకులు పట్టుబడతారు. ఎవరి యంత్రాన్ని వారు తమకు వీలుగా దిద్దుకోనివ్వాలని మరికొందరు వాదిస్తారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, యంత్రాలను మార్చక తప్పని ఈ సమయంలో ఆ ప్రశ్న మరింత ముందుకు వచ్చింది.

విజయనగరంలో ఒక కళాశాల ల్యాబ్‌ను చూసుకుంటూ నేను ఈ చర్చను మూడుసార్లు నడిపాను. మొదటి రెండుసార్లు అది ఎటూ తేలకుండానే సాయంత్రమైంది. మూడోసారి తేలింది, ఆనాడు తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ అమలులో ఉంది. ఆ మూడింటి మధ్య నేను గమనించిన తేడాలను ఆధారం చేసుకుని, ఇలాంటి చర్చను తమ ల్యాబ్‌లో గాని కార్యాలయంలో గాని నడపదలచినవారి కోసం ఈ విధానాన్ని రాస్తున్నాను.

తీర్మానాన్ని ముక్కలు చేయడం

మొదటిసారి మేము చర్చకు పెట్టిన తీర్మానం "ల్యాబ్‌లోని తెరలన్నీ ఒకేలా ఉండాలి" అన్న ఒక్క వాక్యమే. ఒకరు ఆ వాక్యాన్ని రంగులు, చిహ్నాల గురించి అనుకున్నారు. ఇంకొకరు మెనూలు తెలుగులో ఉండాలా ఇంగ్లీషులో ఉండాలా అన్నదాని గురించి అనుకున్నారు. మూడో వ్యక్తి కీబోర్డు మీది షార్ట్‌కట్‌ల గురించి మాట్లాడారు. ముగ్గురూ బలంగానే మాట్లాడారు గాని, ఒకరి మాట మరొకరి మాటకు జవాబు కాలేదు. అందువల్ల చర్చకు ముందే తీర్మానాన్ని నాలుగు వేర్వేరు విషయాలుగా విడదీయాలి. తెర మీద కనిపించే రూపం ఒకటి, వస్తువులు ఉండే చోటు రెండోది, చెయ్యి చేసే పనికి యంత్రం ఇచ్చే స్పందన మూడోది, తెర మీది మాటలు నాలుగోది. ఒక్కొక్క దానికి విడిగా, అవునని గాని కాదని గాని చెప్పగలిగేలా వాక్యం రాయాలి. ఉదాహరణకు, "ల్యాబ్‌లోని ఏ యంత్రం మీదనైనా, రాతకు పనికివచ్చే ఏ ప్రోగ్రాంలోనైనా, కంట్రోల్‌తో పాటు ఎస్ నొక్కితే ఫైలు భద్రం కావాలి" అన్న వాక్యాన్ని పరీక్షించి చూడవచ్చు, ఓటుకు పెట్టవచ్చు. "తెర అందరికీ సులువుగా ఉండాలి" అన్న వాక్యాన్ని ఓటుకు పెట్టలేము, ఎందుకంటే దానిని కాదనేవారు ఎవరూ ఉండరు.

ఈ నాలుగింటిలో ఏది ఎంత ముఖ్యమో సభకు తెలియజెప్పడానికి నేను మోటారు సైకిళ్ల ఉదాహరణ వాడుతాను. స్ప్లెండర్ బండికి గేర్లన్నీ ఒకే దిశలో, ముందుకు తొక్కితే పడతాయి. చాలా ఇతర బండ్లకు మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి పడతాయి. స్నేహితుడి బండి తీసుకున్నవారు మొదటి కూడలి దాకా తడబడి, ఆ తరువాత సర్దుకుంటారు. పాత బుల్లెట్ బండ్లకు మాత్రం గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. అలవాటు లేనివారు దానిని మూడు లాంతర్ల కూడలిలో నడుపుతూ, ఎదురుగా ఎవరైనా అడ్డం వచ్చినప్పుడు బ్రేకు అనుకుని గేరు తొక్కితే జరిగేది తడబాటు కాదు, ప్రమాదం. బండి రంగు, ట్యాంకు ఆకారం, మీటరు అద్దం ఎలా ఉన్నా నడపడానికి అడ్డం రావు. తెర విషయంలోనూ ఏది రంగు, ఏది గేరు, ఏది బ్రేకు అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన పోలిక కాదు. 1990ల తొలి సంవత్సరాల్లో ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థలో తెర తీరు ప్రమాణాల మీద పనిచేసిన పి1201.2 బృందం తన పత్రం పేరులోనే "డ్రైవబిలిటీ" అన్న మాటను పెట్టుకుంది. ఒక కారు నడపడం వచ్చినవారు మరొక కారును నడపగలిగినట్టే, ఒక ఇంటర్‌ఫేస్ (వాడేవారికీ యంత్రానికీ మధ్య ఉండే తెర తీరు) తెలిసినవారు మరొకదానిలో పని సాగించగలగాలన్నది వారి ఉద్దేశం.

రెండు పక్షాలకూ చరిత్రను అందించడం

చర్చకు వారం ముందు రెండు పక్షాల వారికీ వర్క్‌స్టేషన్ల, అంటే ఒక్కరు కూర్చుని పనిచేసే శక్తిమంతమైన కంప్యూటర్ల, చరిత్రను రెండు పేజీల్లో రాసి ఇవ్వాలి. ఈ వాదం కొత్తదని అనుకునేవారు ప్రతి మాటనూ మొదటినుంచి మొదలుపెడతారు. ఇంతకుముందు అదే వాదంలో పెద్ద సంస్థలు ఎక్కడ చిక్కుకున్నాయో తెలిసినవారు సూటిగా మాట్లాడతారు.

కిటికీలు, చిహ్నాలు, మౌస్‌తో నడిచే తెర 1973లో జెరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రమైన పార్క్‌లో తయారైన ఆల్టో అనే కంప్యూటర్ మీద రూపు దిద్దుకుని, 1981లో స్టార్ అనే వర్క్‌స్టేషన్‌గా అమ్మకానికి వచ్చింది. 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు ప్రాజెక్ట్ ఎథీనాలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ తదితరులు ఎక్స్ విండో సిస్టమ్‌ను మొదలుపెట్టారు. తెర మీద కిటికీని గీయడానికి, మౌస్ కదలికను ప్రోగ్రాంకు చేరవేయడానికి కావలసిన యంత్రాంగాన్ని ఎక్స్ ఇస్తుంది గాని, కిటికీ అంచు ఎలా ఉండాలో, ఏ బటన్ ఏం చేయాలో నిర్దేశించదు. యంత్రాంగమే గాని విధానం కాదు అన్నది దాని మూలసూత్రం. ఆ ఖాళీని ఎవరికి వారు నింపడానికి పోటీపడటంతో అసలు తగవు మొదలైంది. 1988లో సన్, ఏటీ అండ్ టీ కలిసి ఓపెన్ లుక్ అనే తెర తీరును ప్రతిపాదించాయి. అదే ఏడాది డిజిటల్, హెచ్‌పీ, ఐబీఎం వంటి సంస్థలు ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌గా ఏర్పడి, ఆ తరువాత దానికి పోటీగా మోటిఫ్‌ను తెచ్చాయి. ఓపెన్ లుక్‌లో మౌస్ ఎడమ బటన్ ఎంచుకోవడానికి, నడిమి బటన్ ఎంపికను పెంచడానికి లేదా తగ్గించడానికి, కుడి బటన్ మెనూకు కేటాయించారు. మెనూను తెర మీదే నిలిపి ఉంచుకోవడానికి గుండుసూది బొమ్మ ఉండేది. మోటిఫ్ తన నడవడికను చాలావరకు ఐబీఎం, మైక్రోసాఫ్ట్‌ల ప్రెజెంటేషన్ మేనేజర్ అనే తెర తీరును చూసి తీర్చుకుంది. వర్క్‌స్టేషన్లను నడిపే యూనిక్స్ అనే ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే రెండు ప్రోగ్రాంలు ఒకే తెర మీద రెండు రకాలుగా ప్రవర్తించడం వాడేవారికి అనుభవంలోకి వచ్చింది. చివరికి 1993 మార్చిలో హెచ్‌పీ, ఐబీఎం, సన్ తదితర సంస్థలు రాజీపడి, మోటిఫ్ ఆధారంగా కామన్ డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అనే ఒకే తెర తీరును ఉమ్మడిగా చేయడానికి ఒప్పుకున్నాయి. ఆ ఉమ్మడి పని అమలుకు వచ్చేనాటికి, 1995 ఆగస్టులో, విండోస్ 95 స్టార్ట్ మెనూతో, టాస్క్‌బార్‌తో మార్కెట్‌లోకి వచ్చేసింది.

ఈ చరిత్ర రెండు పక్షాలకూ పనికివస్తుంది, అందుకే దీనిని అందరికీ ఇవ్వమంటున్నాను. ప్రమాణం లేకపోవడం వల్ల యూనిక్స్ వర్క్‌స్టేషన్లు చీలిపోయి నష్టపోయాయని ఒకరు చెప్పవచ్చు. 1987 నాటి ఎక్స్ 11 కూర్పు దశాబ్దాల పాటు నిలవడానికి అది ఏ తీరునూ నిర్బంధించకపోవడమే కారణమని, నిర్బంధించి ఉంటే ఆ తీరుతో పాటే అదీ పాతబడిపోయేదని మరొకరు చెప్పవచ్చు. నా అభిప్రాయంలో రెండు మాటలూ నిజమే. అడుగున ఉండే యంత్రాంగానికి స్వేచ్ఛ మేలు చేసింది. వేళ్లకు తగిలే పై పొరలో ఆ స్వేచ్ఛ కీడు చేసింది.

ఇందులోనే ఐబీఎం 1987లో ప్రకటించిన కామన్ యూజర్ యాక్సెస్ నియమాలను కూడా చేర్చాలి. సహాయానికి ఎఫ్1, కిటికీ మూయడానికి ఆల్ట్‌తో ఎఫ్4 అన్న అలవాట్లు ఆ నియమాల ద్వారానే వ్యాపించాయి. నేడు అందరి చేతికీ వచ్చిన కత్తిరించడానికి ఎక్స్, నకలుకు సి, అతికించడానికి వి అన్న కీల అలవాటు మాత్రం యాపిల్ యంత్రాల నుంచి వచ్చి, తరువాత విండోస్‌లో కంట్రోల్ కీతో స్థిరపడింది. అంటే ఒక ప్రమాణం నిలవడానికి దానిని ఎవరు ప్రకటించారన్నది కాక, చేతికి ఎంత దగ్గరగా ఉందన్నది ఎక్కువగా పనిచేసింది.

ప్రమాణాన్ని వ్యతిరేకించే పక్షానికి గట్టి ఆధారం కంప్యూటర్ వాడుక మీద పరిశోధన చేసిన జోనథన్ గ్రూడిన్ 1989లో రాసిన వ్యాసం. ఏకరూపతను దానికదే లక్ష్యంగా పెట్టుకుంటే, పనికి తగిన రూపం దెబ్బతింటుందని ఆయన వాదించారు. ఇంట్లో కత్తులన్నింటినీ ఒకేచోట పెట్టరు, ఏ కత్తితో పని ఎక్కడ ఉంటే అక్కడే దానిని ఉంచుకుంటారని ఉదాహరణ చూపారు. మన ఇళ్లలో కత్తిపీట వంటగదిలో, కొడవలి పశువుల శాలలో ఉండటం ఈ మాటకు సరిపోతుంది. ఈ వాదానికి జవాబు చెప్పలేని పక్షం ప్రమాణం గురించి మాట్లాడటానికి ఇంకా సిద్ధం కాలేదని భావించవచ్చు.

ఎవరు ఉండాలి

అధ్యాపకులు, ల్యాబ్ సిబ్బంది ఎలాగూ ఉంటారు. వారితో పాటు తెలుగు మాధ్యమంలో చదివి కొత్తగా చేరిన విద్యార్థి ఒకరు, డీటీపీ పని చేసేవారు ఒకరు, తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే చూపులేని విద్యార్థి ఉంటే ఆ విద్యార్థి తప్పక ఉండాలి. మా మూడో చర్చను మలుపు తిప్పినవారు చివరి ఇద్దరు.

డీటీపీ కేంద్రం నడిపే ఆయన అనూ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీద, యాపిల్ అని పిలిచే కీబోర్డు వరుసతో ఏళ్ల తరబడి శుభలేఖలు, కరపత్రాలు కొట్టినవారు. ఆయన ఒక్క మాటే అన్నారు: "మాస్టారూ, మెనూ మీరెక్కడ పెట్టినా వెతుక్కుంటాను గాని, నా వేళ్ల కింద అక్షరాలు మార్చకండి." ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో చదువుకునే అమ్మాయి, స్టార్ట్ బటన్ మధ్యలో ఉందా ఎడమవైపు ఉందా అన్న అరగంట వాదన తనకు సంబంధించినది కాదని, ట్యాబ్ కీ నొక్కినప్పుడు బటన్లు ఏ వరుసలో వస్తాయన్నదే తనకు తెర అని చెప్పింది. చూపున్నవారమంతా రూపం గురించీ చోటు గురించీ వాదించుకుంటుండగా, అసలు ప్రమాణం అవసరమైన పొర ఏదో వారిద్దరూ చూపించారు.

తెలుగు కీబోర్డు ప్రస్తావన వచ్చినప్పుడు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు వరుస గురించి తెలిసినవారు ఒకరైనా సభలో ఉండాలి. 1991లో వచ్చిన ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో భాగమైన ఈ వరుసలో, ఒకే ధ్వనికి అన్ని భారతీయ భాషల్లోనూ ఒకే కీ ఉంటుంది. తెలుగులో "క" ఉన్న కీ మీదే ఒడియాలోనూ "క" ఉంటుంది కనుక, ఇచ్ఛాపురం వైపు రెండు భాషలతోనూ పని పడేవారికి ఒకసారి నేర్చిన వేళ్ల అలవాటు రెండింటికీ చెల్లుతుంది. ప్రమాణం వల్ల కలిగే మేలుకు నేను చూసిన అత్యుత్తమ ఉదాహరణ ఇదే. అయినప్పటికీ వేరే వరుస మీద జీవనం సాగించేవారిని బలవంతంగా దీనికి మార్చడం సరికాదని, ఇన్‌స్క్రిప్ట్ ప్రతి యంత్రంలో ఉండి తీరాలని, మిగిలిన వరుసలు కూడా ఎంచుకోవడానికి అందుబాటులో ఉండాలని మేము నిర్ణయించాము.

మాటలకు ముందు కొలత

ఈ అధ్యాయాన్ని వదిలేస్తే మిగిలిన విధానమంతా వృథా అవుతుంది. చర్చకు వారం ముందు, పాల్గొనేవారిలో అయిదారుగురిని తమకు అలవాటు లేని యంత్రం ముందు కూర్చోబెట్టి, నిజమైన పని ఒకటి చేయించాలి. మేము ఇచ్చిన పని ఇది: పెన్‌డ్రైవ్‌లోని తెలుగు లేఖను తెరవడం, అందులో రెండు వాక్యాలు తెలుగులో చేర్చడం, పీడీఎఫ్‌గా భద్రపరచడం, అచ్చు వేయడం, పెన్‌డ్రైవ్‌ను సురక్షితంగా తీయడం. పక్కన కూర్చున్నవారు సాయం చేయకూడదు. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తప్పు బటన్ పడిందో మాత్రం కాగితం మీద రాయాలి. వాడుకకు వీలుగా ఉండటం అన్న గుణాన్ని ఐఎస్‌ఓ 9241 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని 11వ భాగం, నిర్దిష్టమైన వ్యక్తులు నిర్దిష్టమైన పరిస్థితిలో నిర్దిష్టమైన లక్ష్యాన్ని ఎంత సఫలంగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా సాధించారన్న దానితో ముడిపెడుతుంది. ఎవరు, ఏ పని, ఎక్కడ అన్నవి చెప్పకుండా ఒక తెర మంచిదనడానికి అర్థం లేదన్నదే దీని సారం.

మా కాగితాల్లో తేలినవి మేము ఊహించినవి కావు. విండోస్ 11లో మధ్యకు వచ్చిన స్టార్ట్ బటన్ గురించి ఫిర్యాదు చేసినవారెవరూ అక్కడ నిజంగా ఆగలేదు. అందరూ ఆగింది మూడు చోట్ల. మొదటిది ఇంగ్లీషు నుంచి తెలుగుకు కీబోర్డును మార్చడం. దీనికి విండోస్‌లో విండోస్ కీతో స్పేస్ నొక్కాలి, ఉబుంటు తెరను నడిపే గ్నోమ్‌లోనూ అదే కీతో స్పేస్ నొక్కాలి. అంటే రెండింటి మధ్యా ప్రమాణం అప్పటికే ఉంది, దానిని ఎవరమూ నేర్పలేదు.

రెండోది కంట్రోల్, సి. ఉబుంటు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలను టైపు చేసి పని చేయించే కిటికీలో, ఈ జత నకలు తీయదు, నడుస్తున్న ప్రోగ్రాంను ఆపేస్తుంది. గ్రాఫికల్ తెరలు రాకముందు నుంచే టెర్మినళ్లలో ఉన్న అలవాటు కనుక దానిని మార్చడం ప్రమాదకరం. అక్కడ నకలుకు షిఫ్ట్ కూడా కలిపి నొక్కాలి. ఏకరూపత పేరుతో దీనిని మార్చాలని ఒకరు ప్రతిపాదించగా, నేను గట్టిగా వ్యతిరేకించాను. ఆపడానికి అలవాటైన కీని నకలుకు ఇవ్వడమంటే బ్రేకు చోటు మార్చడమే.

మూడోది సంవాదపు పెట్టెల్లోని బటన్ల వరుస. విండోస్‌లో "సరే" ఎడమవైపు, "రద్దు" కుడివైపు ఉంటాయి. గ్నోమ్‌లోనూ మ్యాక్‌లోనూ పనిని ఖాయం చేసే బటన్ కుడి చివర ఉంటుంది. దీని వల్ల కలిగే నష్టం నాకు స్వయంగా తెలుసు. శ్రీకాకుళంలో ఒక కార్యాలయంలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన వారంలో, నా దరఖాస్తును నమోదు చేస్తున్న ఉద్యోగి పాత అలవాటు ప్రకారం నొక్కిన చోట "సమర్పించు" బదులు "రద్దు" ఉండటంతో, నింపినదంతా పోయి, నేను మళ్లీ వరుసలో నిలబడవలసి వచ్చింది. తప్పు ఆ ఉద్యోగిది కాదు; చోటును మార్చి, మాటను కూడా అదే పొట్టి రూపంలో ఉంచినవారిది. విండోస్ వరుసను, గ్నోమ్ వరుసను మనం మార్చలేము. కాని మన విద్యార్థులు రాసే ప్రోగ్రాంలలో "సరే" అన్న మాటను వాడకుండా, "ఫైలు తొలగించు", "మార్పులు భద్రపరచు" అన్నట్టు జరగబోయే పనినే బటన్ మీద రాయాలని నియమం పెట్టవచ్చు. మేము పెట్టిన నియమాలన్నింటిలో ఎక్కువగా ఉపయోగపడినది ఇదే.

చర్చ రోజున

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు చాలు. పెద్దవారు ముందుగా మాట్లాడితే విద్యార్థులు ఆ మాటకే తల ఊపుతారు కనుక, కొత్త విద్యార్థితో మొదలుపెట్టి ప్రిన్సిపాల్‌తో ముగించాలి. "నాకు నచ్చింది", "అది పాతబడింది" అన్న వాక్యాలను అధ్యక్షుడు అనుమతించకూడదు. "ఈ పనిలో, ఇక్కడ, ఇంతమంది చెయ్యి ఆగింది" అన్న వాక్యాన్ని మాత్రమే అనుమతించాలి. మాట్లాడబోయే ప్రతి వ్యక్తీ తనకు ముందు మాట్లాడిన ఎదుటి పక్షం వాదాన్ని తన మాటల్లో చెప్పి, వారు ఒప్పుకున్న తరువాతనే జవాబు మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమం వల్ల మా సభలో స్వరాలు తగ్గాయి.

మార్పు వల్ల పోయేదాన్ని కూడా లెక్కించమని అధ్యక్షుడు అడగాలి. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను తీసేసింది. మరుసటి ఏడాది 8.1లో దానిని తిరిగి తేవలసి వచ్చింది. ఉబుంటు 2010లో కిటికీ మూసే బటన్లను ఎడమవైపుకు మార్చి, 2017లో మళ్లీ కుడివైపుకు తెచ్చింది. రెండు సందర్భాల్లోనూ కొత్త తీరుకు సమర్థన ఉంది, కాని కోట్లమంది చేతుల్లో స్థిరపడిన అలవాటుకు ఉన్న విలువను తక్కువగా అంచనా వేశారని నా అభిప్రాయం. రెండో సంవత్సరం విద్యార్థులు ఇప్పటికే నేర్చుకున్నదాన్ని ఏ నిర్ణయమైనా చెరిపేస్తుందేమో చూసుకోవాలి.

తెర మీది మాటల విషయంలో మా సభ ఎక్కువసేపు ఆగలేదు. మెనూలు తెలుగులో ఉంటే కొత్త విద్యార్థికి ధైర్యం వస్తుందని, ఇంగ్లీషులో ఉంటే దోష సందేశాన్ని వెతికి పరిష్కారం కనుక్కోవడం తేలికని రెండు వైపులా చెప్పారు. తెలుగు తెరను ఒక వరుస యంత్రాలకు పెట్టి, ఆ వరుసలో ఒకే పనికి ఒకే మాట ఉండేలా చూడాలని, ఒకచోట "దాచు" మరొకచోట "భద్రపరచు" అని ఉండకూడదని అంగీకారానికి వచ్చాము.

నిర్ణయాన్ని రాయడం

ఓటు ముగిసిన వెంటనే, అందరూ లేవకముందే, నిర్ణయాన్ని ఒకే పేజీలో రాయాలి. వేళ్లకు సంబంధించినవి అన్ని యంత్రాల్లోనూ ఒకేలా ఉండాలని, చోట్లు ఒక్కొక్క వరుసలో ఒకేలా ఉండాలని, రంగులు, బొమ్మలు, అక్షరాల పరిమాణం వాడేవారి ఇష్టమని మేము రాసుకున్నాము. అక్షరాల పరిమాణాన్ని ఇష్టానికి వదలడం అలంకారం కోసం కాదు. చూపు తక్కువగా ఉన్నవారికి అది అవసరం. టెర్మినల్ వంటి మినహాయింపులను, వాటి కారణంతో సహా, అదే పేజీలో చేర్చాలి, ఎందుకంటే కారణం రాయని మినహాయింపును తరువాత వచ్చే ల్యాబ్ ఇన్‌చార్జి పొరపాటుగా భావించి సరిచేస్తారు. ఓడిన పక్షం అభ్యంతరాన్ని కూడా రెండు వాక్యాల్లో, వారి చేతనే రాయించాలి.

ఆ పేజీకి గడువు తేదీ ఉండాలి; మేము ఒక సెమిస్టర్ పెట్టాము. పేజీని లామినేషన్ చేయించి తలుపు పక్కన తగిలించి, దాని కింద ఒక పుస్తకాన్ని, దారంతో కట్టిన పెన్నును ఉంచాము. యంత్రం సంఖ్య, చేస్తున్న పని, చెయ్యి ఆగిన చోటు అన్న మూడు గళ్లు అందులో ఉన్నాయి. గడువు ముగిసిన వారంలో ఆ పుస్తకాన్ని తెరిచి, ఎక్కువసార్లు కనిపించిన చోటును తరువాతి చర్చకు తీర్మానంగా రాస్తున్నాము. గత సెమిస్టర్ పుస్తకంలో పెన్‌డ్రైవ్‌ను తీసే చోటు గురించి రాసినవారే ఎక్కువ.